చక్రం చూసే దిక్కు

మా మేనల్లుడు 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ పందెం చూసి వచ్చాడు. విద్యుత్తుతో నడిచే పందెపు కార్లు నగర వీధులలోనే పరుగెత్తిన ఆ రోజున వాడు చూసినదల్లా వాటి చక్రాలనే కాబోలు. "పద్దెనిమిది అంగుళాల చక్రాలు మామయ్యా! మన కారుకేమో పద్నాలుగు. కొబ్బరిచిప్పల్లా ఉన్నాయి" అన్నాడు. నెల తిరగకుండానే తన కారుకు పెద్ద ఎలాయ్ చక్రాలూ, వాటిమీద వెడల్పాటి టైర్లూ బిగించుకున్నాడు. కారు నిజంగానే అందంగా కనిపించింది. ఆ మాట నేనూ అన్నాను. ఆ పాపంలో నాకూ పాలున్నది.

ఆ శ్రావణంలో ఒక పెళ్ళికి అందరం కలిసి బయలుదేరాము. సూర్యాపేట దాటిన తరువాత వాన పట్టుకున్నది. వేగం ఎక్కువేమీ కాదు. రోడ్డు అంచున నిలిచిన నీటిలో ఎడమవైపు ముందు చక్రం పడింది. అంతే, ఎవరో చేతులలోంచి లాక్కున్నట్లుగా స్టీరింగు గిర్రున ఎడమకు తిరిగింది. వాడు గాభరాగా కుడికి తిప్పాడు. కారు ఒకసారి అటూ ఇటూ ఊగి గడ్డిలోకి దిగి ఆగింది. వెనక వస్తున్న లారీ మా పక్కనుంచి హారను మోగించుకుంటూ వెళ్ళిపోయింది. ఎవరికీ గీతయినా పడలేదు. కాని కొంతసేపటి వరకు కారులో ఎవరమూ మాట్లాడలేదు.

మర్నాడు కారును చక్రాల ఎలైన్‌మెంటు చూసే దుకాణానికి తీసుకొనిపోయాము. నాలుగు చక్రాలకూ అద్దాల వంటి పరికరాలు తగిలించి, తెర మీద అంకెలు చూపించారు. డిగ్రీలు, డిగ్రీలో అరవయ్యోవంతులైన నిమిషాలు. అన్నీ పచ్చరంగులోనే ఉన్నాయి. అక్కడి పెద్దమేస్త్రి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, లోపలికి చెయ్యి పోనిచ్చి తడిమి చూసి, "మాస్టారూ, ఎలైన్‌మెంటు బాగానే ఉంది. చక్రమే దాని చోట అది లేదు" అన్నాడు.

ముప్ఫయ్యయిదేళ్ళు పిల్లలకు యతిప్రాసలు చెప్పి పదవీవిరమణ చేసినవాణ్ణి. యంత్రశాస్త్రంలో నాకు ప్రవేశం లేదు. కాని ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. చక్రం చోటు అంటే ఏమిటి? దానిని ఎవరు నిర్ణయించారు? ఆ తరువాత దాదాపు ఏడాదిపాటు దొరికినదల్లా చదివాను. చదివినదానిలో నాకు బోధపడినంత ఇక్కడ రాస్తున్నాను. తెలిసిన మిత్రులు తప్పులుంటే దిద్దగలరు.

మన ఎద్దుబండికి ఈ చిక్కులేవీ లేవు. రెండే చక్రాలు, ఇరుసు మీద వేటికవి తిరుగుతాయి. ఎద్దులు కాడిని ఎటు లాగితే బండి అటు మళ్ళుతుంది. మన దేవాలయాల రథాలకు నాలుగేసి చక్రాలున్నా, అవి నేరుగా పోవటానికే పుట్టినవి. వీధి మలుపు వచ్చినప్పుడు చక్రాల కింద కొయ్యదిమ్మెలు పెట్టి, మోకులు పక్కకు లాగి, నలుగురూ కేకలు వేస్తే గాని రథం ముఖం తిప్పదు. ఐరోపాలోని నాలుగు చక్రాల గుర్రపు బగ్గీలకు ముందు ఇరుసు మొత్తం నడుమనున్న ఒక్క చీల చుట్టూ తిరిగేది. మలుపు గట్టిదైతే ఒకవైపు చక్రం బండి కిందికి దూరిపోయి, బండికి ఆ మూల ఆధారం తప్పి, బోల్తా పడే ప్రమాదం ఉండేది. 1816 ప్రాంతంలో మ్యూనిక్ నగరంలో బగ్గీలు తయారుచేసే గెయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ అనే ఆయన ఇరుసును కదలనీయకుండా ఉంచి, దాని రెండు కొనలలోనూ చక్రాలను మాత్రమే విడివిడిగా తిప్పే ఉపాయం కనిపెట్టాడు. ఆయన పక్షాన 1818లో లండనులో పేటెంటు తీసుకొన్న రుడాల్ఫ్ ఆకర్‌మన్ పుస్తకాలూ బొమ్మలూ అచ్చువేయించే వ్యాపారి. నేటికీ లోకం ఆ ఏర్పాటును ఆకర్‌మన్ పేరుతోనే పిలుస్తున్నది. కృతి ఒకరిది, కీర్తి వేరొకరిది. సాహిత్యచరిత్ర చదువుకున్న మనకు ఇది వింత కాదు.

ఆ ఉపాయంలోని కిటుకు చిన్నది. బండి వలయంగా తిరిగేటప్పుడు లోపలి చక్రం చిన్న వృత్తాన్నీ వెలుపలి చక్రం పెద్ద వృత్తాన్నీ గీస్తాయి. కనుక లోపలిది ఎక్కువగా, వెలుపలిది తక్కువగా మళ్ళాలి. రెండూ ఒకే దిక్కుకు చూస్తే ఏదో ఒకటి నేల మీద ఈడ్చుకొనిపోక తప్పదు. చక్రాలు గుండ్రంగా ఉంటే సరిపోదనీ, ఏ చక్రం ఎటు చూస్తున్నదో కూడా లెక్కవేయాలనీ మొదటి పాఠం అక్కడ మొదలయింది.

ఆ లెక్కకు ఇవాళ మూడు కొలతలున్నాయి. దుకాణంలోని తెర మీద నేను చూసినవి అవే: క్యాంబరు, క్యాస్టరు, టో. వీటికి తెలుగు మాటలు కూర్చుదామని ఒక సాయంత్రమంతా కుస్తీపట్టి విరమించుకున్నాను. ఆ దుకాణంలోని కుర్రవాడికి నా 'పార్శ్వనతి' కంటె వాడి క్యాంబరే సుబోధం. కారుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం నిలువుగా ఉన్నదా, తల లోపలికి వాల్చిందా, బయటికి వాల్చిందా అన్నది క్యాంబరు. తల లోపలికి వాలితే దానిని ఋణ క్యాంబరు అంటారు. పందెపు కార్లు దాదాపు అన్నీ అలాగే ఉంటాయి. ఎందుకంటే మలుపులో కారు బయటివైపుకు ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా దానితోపాటు ఒరుగుతుంది. ముందే లోపలికి వాల్చి ఉంచితే సరిగ్గా ఆ క్షణానికి అది నిటారై టైరు నిండుగా నేలనానుతుంది. క్యాస్టరు తెలియాలంటే సైకిలు చాలు. ముందు చక్రాన్ని పట్టుకునే కవ్వ నిలువుగా కాక వెనక్కు వాలి ఉంటుంది చూడండి. చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోవటానికి ఆ వాలు కూడా తోడ్పడుతుంది. మూడోది టో. పైనుంచి చూస్తే మనిషి పాదాల బొటనవేళ్ళు లోపలికి తిరిగి ఉన్నాయా, బయటికి తిరిగి ఉన్నాయా అన్నటువంటిది. ముందు చక్రాలు కొంచెం లోపలికి చూస్తే కారు నిలకడగా పోతుంది. కొంచెం బయటికి చూస్తే మలుపులోకి చురుగ్గా దూకుతుంది. వెనక చక్రాలు మాత్రం బయటికి చూడకూడదు. అలా చూస్తే ఏం జరుగుతుందో ముందు చెబుతాను.

ఎంత చూడాలి, ఎంత వాలాలి అన్న ప్రశ్నకు జవాబు డిగ్రీలలో కూడా కాదు, నిమిషాలలో ఉంటుంది. నాతో పనిచేసిన లెక్కల మాస్టారొకరు కాగితం మీద వేసి చూపించారు. చక్రం పోవలసిన దిక్కునుంచి 10 నిమిషాలు, అంటే డిగ్రీలో ఆరోవంతు, తప్పితే, కిలోమీటరు ప్రయాణంలో దానిని సుమారు 2.9 మీటర్లు పక్కకు ఈడ్చినట్లవుతుంది. కంటికి కనబడని వంకర. మనకు చంపకమాలలో ఒక్క లఘువు గురువైతే పద్యమంతా కుంటుతుందే, అలాంటిది.

ఇంతవరకు చక్రం కొయ్యదైనా ఇనుపదైనా ఒకటే. గాలి టైరు వచ్చాక కథ మారింది. 1925లో జార్జ్ బ్రూలియే అనే ఫ్రెంచి ఇంజనీరు ఒక విషయం గమనించాడు. మలుపులో ఉన్న రబ్బరు టైరు తాను చూసే దిక్కుకు పోదు. నేలనంటిన భాగం మెలితిరిగి, చూసే దిక్కుకూ పోయే దిక్కుకూ నడుమ కొంత కోణం ఏర్పడుతుంది. ఆ మెలిక నుంచే మలుపు తిప్పే బలం పుడుతుంది. అంటే కారు మలుపు తిరగటమన్నది నాలుగు అరచేతులంత రబ్బరు నేల మీద చేసే మెలికల పని. ఇంగ్లండులో రోల్స్‌రాయిస్‌లో పనిచేసి, 1930లో అమెరికాలో కాడిలాక్‌లో చేరిన మారిస్ ఓలీ ఈ ఆలోచనను ముందుకు తీసుకుపోయాడు. ముందు టైర్ల మెలిక ఎక్కువైతే కారు మలుపు తీసుకోక వెలుపలికి పోతుంది, అది అండర్‌స్టీర్. వెనక టైర్ల మెలిక ఎక్కువైతే వెనకభాగం వెలుపలికి జారి కారు బొంగరమవుతుంది, అది ఓవర్‌స్టీర్. ఇవాళ కార్లు నడిపేవారి నోట నిత్యం వినబడే ఈ రెండు మాటలూ స్థిరపడటంలో ఓలీ పాత్ర పెద్దది.

ఇక్కడినుంచి స్పోర్ట్స్ కార్ల చరిత్రను నేను ఒకే ప్రశ్నగా చదువుకున్నాను: నిలబడి ఉన్న కారులో చక్రం ఎటు చూస్తున్నదన్నది కాదు, పరుగులో, మలుపులో, బరువు మీద పడినప్పుడు అది ఎటు చూస్తున్నది?

ఈ ప్రశ్నను పట్టించుకోకపోతే ఏమవుతుందో చూపించినవి స్వింగ్ యాక్సిల్ కార్లు. వెనక ఇరుసును నడుమ విరిచి, రెండు ముక్కలను పక్షి రెక్కల్లాగా పైకీ కిందికీ ఆడనివ్వటం ఆ పద్ధతి. గతుకుల మీద సుఖంగా ఉంటుంది. కాని రెక్క కిందికి దిగినప్పుడల్లా దాని కొననున్న చక్రం అడుగుభాగాన్ని లోపలికి ముడుచుకుంటుంది. వేగంగా మలుపు తిరుగుతున్నప్పుడు బయటి చక్రం మీద పక్కనుంచి వచ్చే ఒత్తిడి కారు వెనకభాగాన్ని పైకి ఎత్తుతుంది. ఎత్తేకొద్దీ చక్రం ముడుచుకుంటుంది. ముడుచుకునేకొద్దీ పట్టు తప్పుతుంది. నడిపేవాడు భయపడి యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీస్తే వెనకభాగం మరికాస్త తేలిపోతుంది. 1954లో వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్ఎల్, రెక్కల్లా పైకి తెరుచుకునే తలుపుల కారు, నేటికీ అందగత్తె. కాని నేర్పు లేనివారు దానిని మలుపులో నడపటం కష్టమన్న పేరు తెచ్చుకున్నది. 1957లో పైకప్పు లేని నమూనా వచ్చినప్పుడు ఆ కంపెనీ రెక్కల కీలును కిందికి దించి ఈ దోషాన్ని చాలావరకు తగ్గించింది.

అమెరికాలో ఇదే సంగతి చట్టసభల దాకా పోయింది. షెవ్రొలే కంపెనీ 1960 నమూనాగా తెచ్చిన కార్వెయిర్ వెనక ఇంజనూ స్వింగ్ యాక్సిలూ కల కుటుంబపు కారు. స్పోర్ట్స్ కారు కాకపోయినా చిక్కు అదే. ముందు టైర్లలో గాలి 15 పౌండ్లు, వెనక టైర్లలో 26 పౌండ్లు ఉంటేనే దాని నడక సరిగా ఉండేది. ముందు టైర్లలో కావాలనే గాలి తగ్గించి, వాటి మెలికను పెంచి, వెనక జారకుండా చూశారన్న మాట. పెట్రోలు బంకులో కుర్రవాడు నాలుగింటికీ సమానంగా గాలి పట్టాడంటే ఇంజనీర్ల లెక్క గాలిలో కలిసినట్లే. 1964 నమూనాలో ముందువైపు ఒరుగుదలను ఆపే కడ్డీ చేర్చారు. 1965లో వెనక ఏర్పాటునంతా మార్చివేశారు. అదే ఏడాది రాల్ఫ్ నేడర్ పుస్తకం వెలువడింది. దాని మొదటి అధ్యాయం కార్వెయిర్ మీదనే. ఆయన వెంట గూఢచారిని పెట్టినందుకు జనరల్ మోటార్స్ అధ్యక్షుడు 1966 మార్చిలో సెనేటు సంఘం ముందు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఆ ఏడే వాహనభద్రతా చట్టమూ వచ్చింది. అన్నట్లు, 1972లో ప్రభుత్వమే జరిపించిన పరీక్షలలో కార్వెయిర్ తన కాలపు సాటి కార్ల కంటె ప్రమాదకరమేమీ కాదని తేలింది. నాకైతే రెండూ నిజమేననిపిస్తుంది. ఆ కాలపు కార్లన్నీ కొద్దో గొప్పో అలాంటివే. కాని గాలి పట్టే కుర్రవాడి చేతిలో కుటుంబపు ప్రాణాలు పెట్టిన లెక్కను మంచి లెక్క అనలేను.

పోర్షే వారి 911 చరిత్ర మరింత రుచికరమైనది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో దానిని 901 అనే పేరుతో చూపించారు. నడుమ సున్నా ఉన్న అంకెలు తమవని పెజో కంపెనీ అభ్యంతరం చెప్పగా 911 అయింది. స్వింగ్ యాక్సిలును వదిలిపెట్టారు గాని, ఇంజను బరువంతా వెనక చక్రాల వెనకనే వేలాడుతున్నది. మలుపులో తోక ఊగేది. మొదటి కార్లలో కొన్నింటికి ముందు బంపరు మూలలలో ఒక్కొక్కటి 11 కిలోల చొప్పున ఇనుప దిమ్మలు పెట్టి బరువు సరిచేశారు. మన ఊళ్ళలో త్రాసు మొగ్గకుండా రాయి వేసినట్లు! 1968 ఆగస్టు తరువాత వచ్చిన కార్లలో అసలు మందు పడింది. ఇంజనును కదిలించకుండా వెనక చక్రాలను మాత్రం వెనక్కు జరిపారు. ముందు వెనక చక్రాల నడుమ దూరం 2211 మిల్లీమీటర్ల నుంచి 2268 అయింది. యాభయ్యేడు మిల్లీమీటర్లు, నా చేతి మూడు వేళ్ళ వెడల్పు. తోక ఊపటం పూర్తిగా మానలేదు గాని మనిషి మాట వినటం మొదలుపెట్టింది.

తక్కినది టో సంగతి. మలుపులో కాలు తీసినప్పుడు ఇంజను వెనక చక్రాలను వెనక్కు పట్టి లాగుతుంది. చక్రాన్ని పట్టుకున్న చేతుల కీళ్ళలో రబ్బరు ఉంటుంది కదా, ఆ లాగుడుకు అది కాస్త సాగి, చక్రం ముఖం బయటికి తిరుగుతుంది. బయటికి చూసే వెనక చక్రం కారు తోకను బయటికే తీసుకుపోతుంది. దుకాణంలో పచ్చరంగులో కనిపించిన అంకె మలుపులో ఎర్రరంగైపోతుందన్న మాట. 1977లో వచ్చిన పోర్షే 928లో, తమ పరిశోధనాకేంద్రం ఉన్న వైసాఖ్ గ్రామం పేరే పెట్టి, ఒక కొత్త వెనక ఇరుసు అమర్చారు. రబ్బరును సాగకుండా చేయటానికి వారు ప్రయత్నించలేదు. సాగనిచ్చారు, కాని సాగినప్పుడు చక్రం బయటికి కాక లోపలికే తిరిగేటట్లు కీళ్ళను కూర్చారు. దోషాన్ని నిర్మూలించక దాని దిక్కు మార్చారు. ఈ చరిత్రలో నన్ను ముగ్ధుణ్ణి చేసిన ఘట్టం ఏదని అడిగితే ఇదే చెబుతాను. ఆ కారుకు 1978 సంవత్సరపు ఐరోపా ఉత్తమ కారు అన్న గౌరవం దక్కింది.

ఇక పరిమాణం సంగతి. మా మేనల్లుడికి పద్నాలుగు అంగుళాలు కొబ్బరిచిప్పలు. నేను ఇరవయ్యేళ్ళు బడికి వెళ్ళిన చేతక్ స్కూటరు చక్రం పది అంగుళాలు. సరిగ్గా అదే కొలత చక్రాల మీద ఒక కారు మాంటీకార్లో ర్యాలీని మూడుసార్లు గెలిచిందంటే వాడు నమ్మలేదు. సూయజ్ సంక్షోభంలో పెట్రోలు కరవైనప్పుడు, తక్కువ తాగే చిన్నకారు కావాలని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అలెక్ ఇసిగోనిస్‌కు పని అప్పగించింది. పది అడుగుల పొడవులో నలుగురు కూర్చోవాలి. చక్రాలు చోటు తినకూడదు. అందుకని ఆయన డన్‌లప్ వారి చేత పది అంగుళాల చక్రాలకు టైర్లు చేయించాడు. 1959 ఆగస్టు 26న మినీ విడుదలయింది. చక్రాలు నాలుగు మూలలా ఉండటం, బరువు నేలకు దగ్గరగా ఉండటం వల్ల అది మలుపులలో చేపపిల్లలా మెలికలు తిరిగింది. పందెపు కార్లు కట్టే జాన్ కూపర్ దానిని చూసి 1961లో మినీ కూపర్ చేయించాడు. 1964, 1965, 1967లలో మాంటీకార్లో గెలుపులు దానివే. 1966లోనూ మొదటి మూడు స్థానాలూ దానివే గాని, హెడ్‌లైట్ల నిబంధన అడ్డం పెట్టి తీసివేశారు. ఆ తగవు ఇప్పటికీ తెగలేదు. మినీ ఎలైన్‌మెంటు కూడా ముచ్చటైనది. ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది కనుక పరుగులో అవి లోపలికి లాక్కుంటాయి. అందుకే నిలబడి ఉన్నప్పుడు వాటిని 1.6 మిల్లీమీటర్లు బయటికి చూడనిచ్చి, వెనకవాటిని 3.2 మిల్లీమీటర్లు లోపలికి చూడమన్నారు.

చిన్న చక్రానికి కష్టాలు లేవా? ఉన్నాయి. కిలోమీటరుకు ఆరువందలకు పైగా చుట్లు తిరగాలి. టైరు త్వరగా అరుగుతుంది. గుంటలోకి దిగబడుతుంది, నా స్కూటరు మీద ఆ అనుభవం నా వెన్నెముకకు బాగా తెలుసు. అన్నిటికంటె ముఖ్యంగా, లోపల బ్రేకుకు చోటుండదు. మినీ కూపర్ మొదటి డిస్కులు ఏడు అంగుళాలు. 1984లో మినీ చక్రాన్ని పన్నెండు అంగుళాలు చేసినప్పుడు ముందు డిస్కులు 8.4 అంగుళాలయ్యాయి. చక్రాలు పెరగటానికి అలంకారం కంటె ముందున్న కారణం బ్రేకే.

చిన్న చక్రం మీద చివరి పెద్ద పందెం కాసినవాడు డెరిక్ గార్డ్‌నర్. టిరెల్ జట్టుకు ఆయన గీసిన పి34 అనే ఫార్ములా-1 కారుకు ఆరు చక్రాలు. మిగతా కార్లకు ముందువైపు పదమూడు అంగుళాల చక్రాలు రెండుంటే, దీనికి పది అంగుళాలవి నాలుగు. చిన్నవైతే ముందు రెక్క చాటున గాలికి తగలకుండా ఉంటాయి. నాలుగైతే నేలను పట్టే రబ్బరు, బ్రేకులు ఎక్కువవుతాయి. నాలుగింటినీ కలిపి తిప్పాలి. డ్రైవరుకు ఆ బుల్లి చక్రాలు కనిపించవు కనుక కారు పక్కలకు చిన్న కిటికీలు పెట్టారు. 1976 జూన్ 13న స్వీడనులోని ఆండర్‌స్టార్ప్‌లో జోడి షెక్టర్ మొదటివాడుగా, పాట్రిక్ డెపయే రెండవవాడుగా వచ్చారు. ఆ ఒక్క గెలుపే దానికి దక్కింది. కారణం కారులో కంటె టైరులో ఉన్నది. పదమూడు అంగుళాల టైర్లను అన్ని జట్లూ వాడేవి కనుక గుడ్‌ఇయర్ వాటిని పందెం పందానికీ మెరుగుపరిచింది. పది అంగుళాలవి వాడేది ఒక్కరే. వారికోసం అంత శ్రమ ఎవరు పడతారు? 1977 వచ్చేసరికి ముందు టైర్లు వెనకవాటితో సరితూగలేక కారు మలుపు తీసుకోవటం మానేసింది. బరువూ పెరిగింది. ఆ ఏడాదితో దానిని పక్కన పెట్టారు. చిన్న చక్రం ఓడలేదు, ఏకాకి అయింది అని నా అభిప్రాయం. చాలా కాలానికి ఏవన్ కంపెనీ దానికి తగిన కొత్త టైర్లు చేసి ఇచ్చినప్పుడు, పాత కార్ల పందేలలో అదే పి34 మళ్ళీ గెలిచింది.

ఇంతలో గాలి ఎదురు దిక్కుకు మళ్ళింది. 1970ల నడుమ పిరెల్లి వారి పి7 టైరు వచ్చింది. పక్కగోడ పొట్టి, అడుగు వెడల్పు. 1978 లాంబోర్గినీ కౌంటాష్ ఎల్‌పి400 ఎస్ వెనక టైరు వెడల్పు 345 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు అందులో 35 శాతమే. పొడుగు పక్కగోడ ఉన్న టైరు స్టీరింగు తిప్పిన తరువాత కాస్త ఆలోచించి కదులుతుంది. పొట్టిది వెంటనే ఉలిక్కిపడుతుంది. పందెగాడికి అది వరమే. కాని నేను ఇంతసేపు వేరువేరుగా చెప్పుకువచ్చిన పరిమాణమూ ఎలైన్‌మెంటూ ఇక్కడ కలిసిపోయాయి. పొడుగు పక్కగోడకు క్షమాగుణం ఉన్నది. చక్రం ఒక డిగ్రీ వంకరగా ఉన్నా గోడ వంగి అడుగును నేలమీద సమంగా పరుస్తుంది. పొట్టి, వెడల్పు టైరు అలా వంగలేదు. క్యాంబరు ఏమాత్రం తప్పినా ఒక అంచు మీద నిలబడుతుంది. చక్రం పెద్దదయ్యేకొద్దీ కోణాల లెక్క మరింత నిక్కచ్చిగా ఉండాలి. అందుకే పెద్ద చక్రాల కార్లకు వెనక ఒక్కొక్క చక్రాన్ని నాలుగయిదు కడ్డీలతో పట్టుకునే ఏర్పాట్లు వచ్చాయి. 911కు కూడా 1993లో అటువంటి ఇరుసే పెట్టారు.

ఫార్ములా-1 మాత్రం 2021 దాకా పదమూడు అంగుళాలనే పట్టుకొని ఉన్నది. ఆ కార్లకు స్ప్రింగు ఆడే ఆటలో పెద్ద భాగం టైరు పక్కగోడదే. 2022లో పద్దెనిమిది అంగుళాలకు మారినప్పుడు ఆ పని అంతా స్ప్రింగుల మీద పడి, ఇంజనీర్లు లెక్కలు మొదటినుంచి వేసుకోవలసి వచ్చింది. బ్రేకు డిస్కులు 278 నుంచి సుమారు 330 మిల్లీమీటర్లకు పెరిగాయి. దీనికి సరిగ్గా విరుద్ధమైన పని టొయోటా 2012లో చేసింది. జిటి86 అనే స్పోర్ట్స్ కారుకు పదిహేడు అంగుళాల చక్రాలు వేసి, వాటికి తమ పొదుపు కారు ప్రియస్‌కు వాడే రకం సాధారణ టైర్లు తొడిగింది. పట్టు తక్కువ కావాలనే అలా చేశారు. తక్కువ వేగంలోనే కారు జారటం మొదలుపెడితే నడిపేవాడికి దాని మనసు తెలుస్తుంది. తప్పు చేసినా దిద్దుకునే వ్యవధి ఉంటుంది. ఇది చదివినప్పుడు ఆ వాననాటి లారీ హారను నా చెవులలో మళ్ళీ మోగింది.

ఇంతా చదివాక నేనూ మా మేనల్లుడూ మళ్ళీ ఆ దుకాణానికి వెళ్ళాము. "చక్రం దాని చోట లేదన్నావు. ఇప్పుడు చెప్పు" అన్నాను. మేస్త్రి నవ్వి, నేలమీద సుద్దముక్కతో గీసి చూపించాడు. స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రం ఒక ఊహారేఖ చుట్టూ తిరుగుతుంది. ఆ రేఖను కిందికి పొడిగిస్తే నేలను ఒకచోట తాకుతుంది. కంపెనీవారు ఆ చోటు టైరు నడుమకు చాలా దగ్గరగా పడేటట్లు చూస్తారు. మావాడు వేయించిన ఎలాయ్‌ల లోతు తక్కువ. అందుచేత చక్రం రెండు వేళ్ళ వెడల్పున బయటికి జరిగింది. క్యాంబరు మారలేదు, టో మారలేదు. తెర మీద అన్నీ పచ్చగానే ఉంటాయి. కాని ఒక్క చక్రం నీటిలో పడి ఆగబోయినప్పుడు, బయటికి జరిగిన ఆ రెండు వేళ్ళూ మీటలా పనిచేసి స్టీరింగును గుంజివేశాయి. దానికి తోడు వెడల్పాటి టైరు సన్న టైరు కంటె తొందరగా నీటిమీద తేలుతుంది.

"మరి ముందే ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు మావాడు.

"చెప్పాను బాబూ. ఎలైన్‌మెంటు సంగతి కాదన్నానుగా" అన్నాడతను.

పాత పద్నాలుగు అంగుళాల చక్రాలు అదృష్టవశాత్తు మా చెల్లెలి ఇంట్లో మేడమెట్ల కిందనే ఉన్నాయి. రెండింటిలో పావురాలు గూడు పెట్టుకున్నాయి. పిల్లలు ఎగిరిపోయేదాకా మూడు వారాలు ఆగి, కడిగి, బిగించుకున్నాము.